వెనక చక్రం విప్పే ముందు

వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా అని అడిగేవాళ్లలో చాలామంది కార్లకు అసలు వెనక ప్యాడ్లే ఉండవు. మన డెల్టాలోని అత్తిలి సెంటర్లో కాసేపు నిలబడి చూడండి. ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, బొలెరో, అప్పుడప్పుడు ఓ ఇన్నోవా క్రిస్టా. అన్నిటికీ ముందు డిస్కు, వెనక డ్రమ్ము. డ్రమ్ములో ఉండేవి ప్యాడ్లు కావు, చంద్రవంక ఆకారపు షూలు. మన షెడ్డుల్లో వాటిని లైనర్లంటారు. ముందు ప్యాడ్లు మార్చిన వీడియో చూసి వెనక చక్రం విప్పిన కుర్రాడికి ఎదురుగా ఇనుప గిన్నె బోర్లించినట్టు డ్రమ్ము కనిపిస్తుంది. ఏం చెయ్యాలో తెలియక మళ్లీ బిగించేస్తాడు. ఆ కుర్రాడు అదృష్టవంతుడు. చిక్కంతా వెనక నిజంగానే డిస్కు ఉన్నవాళ్లది.

ఈ ప్రశ్నకు మనవైపు మూడు జవాబులు వినిపిస్తాయి. షెడ్డు మేస్త్రీ "బ్రేకుల జోలికి పోకండి బాబూ" అంటాడు. ఫోన్లో వీడియోలు చూసే కుర్రకారు "అరగంట పని బాబాయ్, నాలుగు బోల్టులే" అంటారు. షోరూమువాళ్లు మాత్రం కంప్యూటర్ పెట్టకుండా ముట్టుకోకూడదంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఒక్కొక్కరు ఒక్కో కారును మనసులో పెట్టుకుని చెబుతున్నారు. "వెనక బ్రేకు" అనే ఒక్క మాట కింద నాలుగు వేరువేరు యంత్రాలున్నాయి. మీ కారుకున్నది వాటిలో ఏదో తేలితే జవాబు సగం వచ్చినట్టే.

ఇంట్లో బ్రేకు బాగుచేసుకోవడం కొత్త సాహసమేమీ కాదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆయన తయారుచేసిన బండిలో పుట్టింటికి బయల్దేరింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించుకుంది. బ్రేక్ లైనింగు కథ అక్కడే మొదలైందంటారు. 1902లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును పనికొచ్చే రూపానికి తెచ్చాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. డిస్కుకు పేరొచ్చింది మాత్రం 1953లో, లె మాన్స్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచాక. డ్రమ్ము పాతకాలపు సరుకు, డిస్కు గొప్పది అనే మన అభిప్రాయం అక్కడినుంచి వచ్చిందే. అది పూర్తిగా నిజం కాదు. వోక్స్‌వాగన్ తన కొత్త విద్యుత్ కార్లు ఐడీ 3, ఐడీ 4లకు వెనక డ్రమ్ములే పెట్టింది. మోటారే బండిని ఆపుతూ ఛార్జింగు చేసుకుంటుంది కాబట్టి వెనక బ్రేకుకు పని తక్కువ. పని లేని డిస్కు తుప్పు పడుతుంది, మూత ఉన్న డ్రమ్ము లోపల అంత త్వరగా పట్టదు. సంక్రాంతికి వచ్చే పిల్లల కోసం ఏడాదంతా షెడ్డు కింద కారు నిలబెట్టే మన ఇళ్లకూ ఈ తర్కం వర్తిస్తుంది.

ఇక ఆ నాలుగు యంత్రాలు. మొదటిది డ్రమ్ము. పని చూస్తే పాత సైకిలంత సాదాగా ఉంటుంది కానీ ఇంట్లో విప్పడానికి డిస్కు కంటే మొండిది. లోపలి స్ప్రింగులు ఏది ఎటు తగిలించి ఉందో ఫోటో తీసుకోకుండా విప్పితే సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. కొన్ని చిన్న కార్లకు బేరింగు డ్రమ్ములోనే ఉంటుంది, మధ్య నట్టు తీస్తే తప్ప అది ఊడిరాదు. మరికొన్నిటికి డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో సరిపడే బోల్టులు బిగిస్తూ పోతే తుప్పు పట్టిన డ్రమ్ము దానంతటదే బయటికి జరుగుతుంది. సుత్తి అక్కర్లేదు. ఈ చిట్కా తెలియక డ్రమ్ములు పగలగొట్టుకున్నవాళ్లున్నారు.

రెండోది డిస్కు మధ్య గిన్నెలో హ్యాండ్‌బ్రేక్ కోసం విడిగా చిన్న డ్రమ్మున్న రకం. దీనికి ప్యాడ్లు మార్చడం ముందు చక్రానికి మార్చినట్టే, ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ పిస్టన్‌ను తిన్నగా లోపలికి నొక్కితే సరిపోతుంది. వీడియో కుర్రాళ్ల అరగంట లెక్క ఇలాంటి కార్లదే.

మూడోదాని దగ్గర ఆగాలి, ఇళ్లలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడిదే. ఇందులో కాలి బ్రేకుకూ హ్యాండ్‌బ్రేక్‌కూ ఒకటే క్యాలిపర్. పిస్టన్ లోపల ఒక మర ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మర కొంచెం కొంచెం ముందుకు జరిగి, హ్యాండ్‌బ్రేక్ తీగ ఎప్పుడూ ఒకే బిగువులో ఉండేలా చూస్తుంది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి అవి పట్టాలంటే పిస్టన్ వెనక్కి పోవాలి. ముందు చక్రానికి చేసినట్టే వడ్రంగి సి-క్లాంపు పెట్టి నొక్కితే ఏమవుతుంది? మరచెంబు మూతను ఎంత నొక్కినా దిగదు, తిప్పితేనే దిగుతుంది. పిస్టనూ అంతే. బలం పెట్టి నొక్కితే లోపలి మర పాడవుతుంది, కొత్త క్యాలిపర్ కొనాల్సి వస్తుంది. నొక్కుతూ తిప్పే చిన్న పనిముట్టు విడిగా దొరుకుతుంది. కొన్ని కార్లకు ఒకవైపు పిస్టన్ కుడికి, రెండోవైపుది ఎడమకు తిరుగుతుంది, పుస్తకం చూసుకోవాలి. పిస్టన్ ముఖం మీద గాళ్లుంటాయి. ప్యాడ్ వీపున ఉన్న చిన్న బొడిపె ఆ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది, నెల తిరక్కుండానే కీచుమంటుంది. విప్పే ముందు హ్యాండ్‌బ్రేక్ దించి ఉంచాలన్నది ఈ రకానికి ప్రాణం లాంటి నియమం. దించాం కదా అని బండిని కాపలా లేకుండా వదలకూడదు, ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి.

నాలుగోది మీటతో కాక బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్. క్రెటా, సెల్టోస్, ఎక్స్‌యూవీ 700 లాంటివాటి పై వేరియంట్లలో ఉన్నది ఇదే. క్యాలిపర్ వీపు మీద చిన్న మోటారు కూర్చుని మరను తిప్పుతుంది. కారును సర్వీస్ మోడ్‌లోకి పంపితే ఆ మోటారు తనంతట తానే మరను వెనక్కి లాక్కుంటుంది. ఆ తర్వాత మీరు పిస్టన్‌ను నొక్కవచ్చు. కొన్ని కార్లలో తాళం, పెడల్, బటన్ ఒక వరసలో నొక్కితే ఆ మోడ్ వస్తుంది. చాలావాటికి స్కానర్ తగిలించాలి. బ్యాటరీ తీగ పీకేస్తే చాలనే మాట మనవైపు బాగా తిరుగుతోంది. అది తప్పు. తీగ పీకితే మోటారు చచ్చినట్టు పడి ఉంటుందే గాని వెనక్కి పోదు. ఆ స్థితిలో నొక్కితే లోపలి పళ్లు విరుగుతాయి. ఈ నాలుగో రకం వరకు షోరూము మాటే సరైనది, కాకపోతే షోరూమే కావాలని లేదు. స్కానర్ ఉన్న షెడ్డు ఏదైనా చాలు. తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం వైపు ఇప్పుడు అలాంటివి కనబడుతున్నాయి. మరీ మొండికేస్తే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

వెనక బ్రేకు ముందుదానికంటే తక్కువ పని చేస్తుందనే మాటా కొంత మారింది. ఆపేటప్పుడు బరువు ముందుకు తూగుతుంది, అందుకే సగం కంటే బాగా ఎక్కువ పని ముందు చక్రాలదే. కానీ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. దానితోపాటు వచ్చే బ్రేకు బలపు ఎలక్ట్రానిక్ పంపకం, కొన్నిటిలో బండి జారకుండా పట్టే వ్యవస్థ, అవసరమైనప్పుడల్లా వెనక బ్రేకును డ్రైవరుకు తెలియకుండానే వాడుకుంటాయి. కొన్ని కార్లలో వెనక ప్యాడ్లే ముందుగా అరిగిపోతున్నాయి. కాబట్టి ముందువి మార్చినప్పుడు వెనకవాటిని కూడా చూడమనండి. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల దగ్గర మార్చే రోజు వచ్చినట్టు లెక్క. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది, అది డిస్కుకు రాసుకుని కీచుమని కూస్తుంది. పాటల శబ్దం తగ్గించి అద్దాలు దించుకుని నడిపేవాళ్లకే అది వినబడుతుంది.

ఇప్పుడు మన నేల సంగతి. ప్రపంచంలో ఏ పుస్తకమైనా "గట్టి, సమతలమైన చోట జాకీ వేయండి" అంటుంది. సమతలానికి డెల్టాలో కొదవ లేదు, గట్టితనానికే కరువు. ఓ శ్రావణ మాసంలో పెరట్లో జాకీ వేసి చక్రం విప్పాను. నట్లు తీసి అరుగు మీద పెట్టి వచ్చేసరికి జాకీ కాలు మట్టిలో నాలుగు వేళ్లు దిగి ఉంది, కారు ఒకవైపు ఒరుగుతోంది. చక్రాన్ని వెంటనే కారు కిందికి తోసేశాను. అదే కాపాడింది. అప్పటినుంచి రెండు అంగుళాల మందం పలక లేకుండా జాకీ వేయను, స్టాండు లేకుండా చక్రం ముట్టను. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే, దాని నమ్మకం మీద బండి కిందికి చెయ్యి పెట్టకూడదు. సిమెంటు గచ్చు ఉంటే అక్కడ చేయండి, లేకపోతే రైసు మిల్లు కళ్లం లాంటి చోటు అడగండి.

నీళ్ల సంగతి ఇంకా ఉంది. ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద రోజూ తిరిగే కార్లు, తాడేపల్లిగూడెం హైవే మీద మాత్రమే నడిచే కార్లు ఒకే మోడలైనా బ్రేకులు వేరుగా ముసలివవుతాయి. గట్ల మీది బురద క్యాలిపర్ జారే పిన్నుల రబ్బరు తొడుగుల దగ్గర చేరి ఎండి రాయవుతుంది. ఐసు కరిగిన నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీల వెనక నడిస్తే ఆ నీళ్లన్నీ చక్రాల మీదే పడతాయి. పిన్ను బిగుసుకుపోతే ఒక ప్యాడ్ కాగితమంత అరిగి, దాని జోడీ కొత్తదానిలా మిగులుతుంది. అలా కనిపించినప్పుడు ప్యాడ్లు మార్చి ఊరుకుంటే డబ్బు దండగ. పిన్నులు లాగి శుభ్రం చేసి, బ్రేకులకని తయారైన సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. డబ్బాలోని మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కడగడానికి కిరోసిన్, డీజిలు వాడే అలవాటు మన షెడ్డుల్లో ఇంకా పోలేదు. అవి కూడా రబ్బరుకు శత్రువులే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగాయి. ఆ బుడమేరు చివరకు చేరేది మన కొల్లేటికే. వరదలో నిలిచిన కార్లకు ఇంజను, సీట్లు బాగుచేయించిన కొందరు బ్రేకుల సంగతి మరిచారు. చక్రం మునిగేంత నీళ్లలో నిలబడ్డ బండికి డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగాలి, పిన్నులు చూడాలి, బ్రేక్ ఆయిల్ మార్చాలి. నీళ్లు దాటుకుని వచ్చిన మామూలు రోజుల్లోనైతే నెమ్మదిగా పోతూ పెడల్ తేలిగ్గా నొక్కిపెడితే బ్రేకులు ఆరతాయి.

బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి ఆయిల్ కాదు. మన కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ద్రవాలు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు లేచి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తడిగా ఉండే మన ప్రాంతంలో రెండేళ్లకోసారి మార్చమన్న కంపెనీ మాటను పెడచెవిన పెట్టకండి. ప్యాడ్లతో దీనికి ఇంకో లంకె ఉంది. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ద్రవం మట్టం తగ్గుతుంది, అది లీకేజీ కాదు. తగ్గిందని పైనుంచి పోయించుకుంటే, కొత్త ప్యాడ్లకు పిస్టన్ వెనక్కి నొక్కిన రోజు ఆ ఎక్కువంతా పొంగి పెయింటును తినేస్తుంది. మూత తీసి, చుట్టూ గుడ్డ కప్పి, మట్టం చూసుకుంటూ నొక్కాలి.

దుమ్ము గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకప్పటి లైనర్లలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉండేది, అది క్యాన్సర్ కారకం. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాన్ని నిషేధించింది, అమెరికా 2024 మార్చిలో నిషేధానికి వచ్చింది. మనదగ్గర మంచి కంపెనీల ప్యాడ్లు ఆస్బెస్టాస్ లేనివే. ఊరూపేరూ లేని లైనర్లలో ఏముందో ఎవరు చెప్పాలి? అందుకే కంప్రెషర్ గాలితో డ్రమ్ములు ఊదడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీల్చేది మేస్త్రీ, పక్కన కూర్చున్న కుర్రాడు. తడిగుడ్డతో తుడవండి, లేదా బ్రేక్ క్లీనర్ చల్లండి, మూతికి మాస్కు కట్టుకోండి. అమెరికాలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లోనే ప్యాడ్లలోని రాగిని తగ్గించే చట్టాలు చేశాయి. కారణం చేపలు. రోడ్డు మీద రాలిన బ్రేక్ దుమ్ములోని రాగి వానతో ఏరుల్లోకి చేరి సాల్మన్ చేపలకు హాని చేస్తోందని తేలింది. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు పక్కన, చేపల మీద బతికే ఊళ్లలో, ఈ ముక్క ఎవరి చెవినా పడినట్టు లేదు.

సామాను కొనేటప్పుడు పెట్టె చూసి మోసపోకండి. బ్రేక్స్ ఇండియా 1962లో, రానె బ్రేక్ లైనింగ్ 1964లో, సుందరం బ్రేక్ లైనింగ్స్ 1974లో, అన్నీ చెన్నైలోనే పుట్టాయి. కార్లను తయారుచేసేవాళ్లకు సరఫరా చేసే ఇలాంటి కంపెనీల పేరు మీద కొంటే షోరూము పెట్టెకంటే తక్కువకే మంచి సరుకు దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ ఒకే 18 శాతమైంది. బిల్లులో పాత 28 కనబడితే అడగండి. ప్యాడ్లు ఎప్పుడూ రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. డిస్కు అంచున గోరు తగిలేంత గట్టు లేచి ఉంటే దాని మందం కొలవాలి, కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. ఆ హద్దుకు దగ్గరైన డిస్కును లేతుకు పట్టించడం వృథా.

డబ్బు లెక్క చూస్తే ఇంటి పని మన ఊళ్లలో పెద్దగా కలిసిరాదు, నిజం చెప్పుకోవాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాడు తన ఇంటి ముందు ప్యాడ్లు మార్చుకుంటున్నాడంటే అక్కడ షెడ్డు కూలి గంటకు వంద డాలర్లు దాటుతుంది. అత్తిలిలో రెండు చక్రాల కూలి వందల్లోనే తేలిపోతుంది. జాకీ స్టాండులు, టార్క్ పానా, పిస్టన్ తిప్పే పనిముట్టు కొంటే ఆ ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి మిగులు కోసం చేసేవాళ్లు మానుకోవచ్చు.

చేయడానికి వేరే కారణముంది. సొంత కారును రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షకు ఎవరూ పిలవరు. బ్రిటన్‌లోనైతే మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా బ్రేకులు పరీక్షిస్తారు. మనకు ఆ కన్ను లేదు, యజమాని కన్నే ఉంది. కేంద్రం 2022లో "మరమ్మతు హక్కు" మీద ఒక కమిటీ వేసి, ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. అందులో వాహన రంగం ఉంది. ఇవన్నీ చూశాక నా తీర్పు ఇది: చూడటం అందరూ ఇంట్లో చేయాలి. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే ప్యాడ్ మందం కనబడుతుంది. మార్చడం రెండో రకం కారున్నవాళ్లు నిరభ్యంతరంగా, మూడో రకంవాళ్లు పిస్టన్ పనిముట్టు దొరికితేనే చేయాలి. డ్రమ్మువాళ్లు మొదటిసారి మేస్త్రీ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. బటన్ హ్యాండ్‌బ్రేక్‌వాళ్లు స్కానర్ ఉన్న షెడ్డుకు పోవాలి. మేస్త్రీల విషయంలో ఒక్క షరతు: క్యాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడదీసే చోట మళ్లీ బండి పెట్టకండి. తీగతో పైకి కట్టాలన్నంత పట్టింపు లేనివాడు మిగతా పనిలో ఏం చూస్తాడు?

చేసేవాళ్లు ఒక చక్రం పూర్తయ్యాకే రెండోది విప్పండి, ఏది ఎలా ఉండాలో చూసుకోవడానికి ఒక నమూనా మిగులుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించండి. చాలా చిన్న, మధ్యరకం కార్లకు బిగువు 85 నుంచి 125 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె పుస్తకంలో ఉంటుంది. వీల్ పానా మీద ఎక్కి తొక్కకండి. కొత్త ప్యాడ్లు డిస్కుతో పొత్తు కుదరాలంటే గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా పదిసార్లు మెత్తగా తగ్గించి మధ్యలో చల్లారనివ్వాలి. దాళ్వా కోతలప్పుడు రోడ్డులో సగం వడ్ల రాశులదే, షష్ఠి తీర్థం రోజుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. కాబట్టి ఖాళీగా ఉండే తెల్లవారుజాము చూసుకోండి.

అంతకంటే ముందు ఒక పని. వెనక్కి నొక్కిన పిస్టన్‌కూ కొత్త ప్యాడ్‌కూ మధ్య ఖాళీ ఉంటుంది, మొదటిసారి నొక్కితే పెడల్ నేలకు తగులుతుంది, బ్రేకు పట్టదు. బండి కదలకముందే, గేరు వేయకముందే, పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు గేటు దాటితే కాలువే.